విగ్రహాలు, పతకాలు: మా పని గురించి అపోహలు - వాస్తవాలు

ఒంగోలులో మా షెడ్డుకి వచ్చేవాళ్లు ముందుగా అడిగేది ఎత్తెంత, బరువెంత అని. మొన్న ఒక పెద్దాయన, "తొమ్మిదడుగుల విగ్రహానికి నెలలు పట్టాయంటే సరే, అరచేతిలో పట్టే పతకానికి నెలేంటయ్యా?" అని నిజంగానే బాధపడ్డారు. ఆయనకు చెప్పిన మాటలే ఇక్కడ రాస్తున్నా. పనిలో పనిగా తరచూ వినే మిగతావి కూడా.

అపోహ: పతకం చిన్నది కాబట్టి పని సులువు.

పతకాన్ని ఆ సైజులో చెయ్యను. ముందు అడుగు వెడల్పున్న మట్టి పలక మీద బొమ్మ దిద్దుతాను. దాన్ని ప్లాస్టర్‌లో అచ్చు తీసి, మళ్లీ సరిచేశాక, స్కాన్ చేయించి రెండున్నర అంగుళాలకు తగ్గిస్తారు. సైజుతో పాటు లోతూ తగ్గుతుంది. చివరికి నాకు మిగిలే ఉబ్బు రెండు మిల్లీమీటర్లు.

ఎడ్ల పందేలకు పతకం చెయ్యమన్నారనుకోండి. ఆ రెండు మిల్లీమీటర్లలోనే ఒంగోలు గిత్త కొమ్ము, మూపురం, గంగడోలు, అవతలి కాలు ఒకదాని వెనక ఒకటి ఉన్నట్టు కనపడాలి. మూపురాన్ని ఉన్నంత ఎత్తూ లేపితే మిగతా ఒళ్లంతా అప్పడంలా అయిపోతుంది. అందుకని దాన్ని అణిచి, అంచు మాత్రం నిటారుగా కోస్తాను. అక్కడ నీడ పడుతుంది. ఆ నీడను చూసి కన్ను ఎత్తు ఉందనుకుంటుంది. గంగడోలు మడతలు ఇంకా కష్టం: నాలుగు వేస్తే తాళ్లలా ఉంటాయి, రెండు వేసి మూడోది చెరిపేస్తే చర్మంలా వేలాడుతుంది. లైటు పక్కనుంచి వేసి, పలక తిప్పుతూ చూస్తూ పోవడమే. రోజంతా చేసి సాయంత్రం గోటి మందం మట్టి తీసేసిన రోజులున్నాయి.

నాణేల మీద ముఖం ఎక్కువగా పక్కకి తిరిగి ఉండేది కూడా ఇందుకే. ఎదురుగా చూసే ముఖంలో ముక్కుకి కావలసిన ఎత్తు అంత పలచటి బొమ్మలో దొరకదు. పక్క ముఖానికి అంచు గీతే పోలిక తెస్తుంది. ఇటలీలో 1438 ప్రాంతంలో బైజాంటిన్ చక్రవర్తి ఎనిమిదో జాన్‌కు పతకం చేసిన పిసనెల్లో పక్క ముఖమే ఎంచుకున్నాడు. ఆయన అసలు వృత్తి చిత్రలేఖనం. పతకం మీద సంతకంలో కూడా చిత్రకారుడనే రాసుకున్నాడు.

ఇక అక్షరాలు. నన్ను ఎక్కువ టెన్షన్ పెట్టేవి అవే. ప, వ రెంటికీ తేడా ఎంత? పైన చిన్న సందు. నా మొదటి రోజుల్లో ఒక జిల్లా స్థాయి పోటీకి నలభై పతకాలు పోత పోస్తే, ఆ సందులోకి లోహం నిండి 'ప్రకాశం' కాస్తా 'వ్రకాశం' అయింది. నలభయ్యీ కరిగించి మళ్లీ పోశాను. అప్పట్నుంచి ప సందుని, ష పొట్టలో గీతని కావాలనే కాస్త పెద్దవి చేస్తాను. తెలుగు ఒత్తులకి కింద చోటు ముందే వదలాలి, చివర్లో ఇరికిస్తే ఒకటీ చదవబుద్ధి కాదు. గణితంలో ఇచ్చే పెద్ద బహుమతి ఫీల్డ్స్ మెడల్ చేసిన కెనడా శిల్పి, వైద్యుడు కూడా అయిన టెయిట్ మెకెంజీ పతకం మీద 1933ని రోమన్ అంకెల్లో వేసినచోట ఒక ఎం బదులు ఎన్ పడింది. ఎంత పెద్ద చెయ్యి అయినా అక్షరం దగ్గర ఆగి చూసుకోవాల్సిందే.

అపోహ: బంగారు పతకమంటే బంగారమే.

ఒలింపిక్స్‌లో పూర్తి బంగారు పతకాలు 1912తోనే ఆగిపోయాయి. ఇప్పుడిచ్చేది వెండి పతకం, పైన కనీసం ఆరు గ్రాముల బంగారు పూత. మన పరమవీరచక్ర కంచుతో చేసిందే. దాన్ని రూపొందించింది సావిత్రీ ఖనోల్కర్.

అపోహ: గుర్రం ఒక కాలెత్తితే వీరుడు గాయాలతో పోయినట్టు, రెండెత్తితే యుద్ధంలో పోయినట్టు.

వాట్సాప్‌లో ఏడాదికోసారి తిరుగుతుంది ఇది. అలాంటి నియమమేదీ లేదు. శివాజీ 1680లో రాయగఢ్‌లో అనారోగ్యంతో చనిపోయారు, ఆయన గుర్రం మాత్రం ఎన్నో ఊళ్లలో కాళ్లెత్తే ఉంటుంది. మాడ్రిడ్‌లో పియెత్రో తాకా చేసిన స్పెయిన్ రాజు నాలుగో ఫిలిప్ గుర్రం 1640 నుంచి వెనక కాళ్ల మీదే నిలబడి ఉంది. ఆ రాజు పోయింది 1665లో. కాలెత్తాలా వద్దా అన్నది బరువుకి సంబంధించిన లెక్క. కంచు విగ్రహం లోపల బోలు, గోడ మందం ఐదారు మిల్లీమీటర్లే. గట్టిగా నింపి పోస్తే చల్లారేటప్పుడు మందంగా ఉన్నచోట లాగేసి పగులుతుంది.

అపోహ: చీమకుర్తి పక్కనే ఉంది కదా, గెలాక్సీ రాయితో విగ్రహం చేసేయొచ్చు.

నేలకీ, సమాధికీ ఆ నల్ల గ్రానైటుకన్నా అందమైన రాయి లేదు. కానీ అందులో బంగారు చుక్కల్లా మెరిసేవి బ్రాంజైట్ ఖనిజపు పలుకులు. ముఖం చెక్కితే వెలుతురుకి అవి చెంప మీద, కంటి కింద మెరిసి చూపుని చెదరగొడతాయి. ముఖానికి మెరుపు లేని, సన్న పలుకు రాయి కావాలి. ఏ రాయైనా సరే, కోసేటప్పుడు నీళ్లు పోస్తూ కొయ్యండి, సరైన మాస్కు పెట్టుకోండి. జేబురుమాలు సిలికా దుమ్ముని ఆపదు. సిలికోసిస్‌తో పాడైన ఊపిరితిత్తులు మళ్లీ బాగుపడవు.

అపోహ: జయంతికి ముందు విగ్రహాన్ని చింతపండుతో తోమాలి, లేదా బంగారు రంగు వెయ్యాలి.

కంచు మీద గోధుమ, ఆకుపచ్చ రంగుల్లో వచ్చే పొర చాలావరకు దాన్ని కాపాడేదే. చింతపండు ఆ పొరని లాగేస్తుంది. అప్పుడు మన తీరంలో ఉప్పుగాలి నేరుగా లోహానికి తగులుతుంది. పౌడరులా రాలే లేత ఆకుపచ్చ మచ్చ కనిపిస్తే మాత్రం శిల్పికి చూపించండి. పెయింటు ఇంకా అన్యాయం. ఒక విగ్రహానికి ఏటా వేసిన రంగులు పోయినేడు నేను గీకి తీశాను. ఐదు పొరలు. వాటికింద కనురెప్ప అంచు, పెదవుల మధ్య గీత, కళ్లజోడు కమ్మీ పూర్తిగా పూడుకుపోయి ఉన్నాయి. మామూలు నీళ్లతో కడిగి, మెత్తటి గుడ్డతో తుడిచి, ఏడాదికోసారి పలచగా మైనం రాస్తే చాలు.