చేసే పద్ధతి చెప్పాలి: బయోటెక్ పేటెంట్ల వెనుక పాత షరతు

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి తెచ్చే రైతుకు పేటెంటు అన్నది విత్తన ప్యాకెట్ ధరలో కలిసిన రాయల్టీగానే తెలుసు. ఆ హక్కుకు ప్రతిగా ఆవిష్కర్త ఏమివ్వాలన్నది మాత్రం ఇక్కడ అరుదుగా చర్చకు వస్తుంది. ఇరవై ఏళ్ల గుత్తహక్కు పొందేవారు, ఆ రంగంలో సాధారణ నైపుణ్యం ఉన్న మరొకరు చదివి తిరిగి చేయగలిగేంత స్పష్టంగా తమ పద్ధతిని రాసివ్వాలి. న్యాయవాదులు ఎనేబుల్‌మెంట్ అనే షరతు ఇదే.

అమెరికాలో 1790 నాటి తొలి పేటెంటు చట్టంలోనే ఇది ఉంది. విద్యుదయస్కాంత శక్తితో దూరాన అక్షరాలు ముద్రించే ప్రతి పద్ధతీ తనదేనన్న టెలిగ్రాఫ్ ఆవిష్కర్త మోర్స్ క్లెయిమును ఆ దేశ సుప్రీంకోర్టు 1854లో తిరస్కరించింది. 1895 నాటి విద్యుద్దీపం కేసు మన విషయానికి ఇంకా దగ్గర. దీపంలో వెలిగే తీగకు వాడేలా కార్బన్‌గా మార్చిన పీచుపదార్థాలన్నింటిపైనా సాయర్, మ్యాన్ అనే ఆవిష్కర్తలు హక్కు కోరారు. వేల రకాల మొక్కలను పరీక్షిస్తే గానీ ఎడిసన్‌కు పనికొచ్చే వెదురు దొరకలేదన్న సంగతి ఆ పేటెంటును నిలవనీయలేదు.

జీవపదార్థం దగ్గర చిక్కు మరో రకం. గేరును గీసి చూపవచ్చు గానీ, మట్టిలోంచి వేరుచేసిన బ్యాక్టీరియాను ఎన్ని పుటలు వర్ణించినా అది చదివినవారి చేతికి రాదు. అందుకే 1977 నాటి బుడాపెస్ట్ ఒప్పందం, గుర్తింపు పొందిన ఒక్క భాండాగారంలో నమూనా భద్రపరిస్తే సభ్యదేశాలన్నీ దాన్ని అంగీకరించే ఏర్పాటు చేసింది. భారత్ 2001 డిసెంబరులో చేరగా, మరుసటి ఏడాది చండీగఢ్‌లోని సూక్ష్మజీవుల భాండాగారం ఎంటీసీసీకి ఆ గుర్తింపు దక్కింది.

నమూనా ఒక్కటి చేతికొచ్చినంత మాత్రాన దాని కుటుంబమంతా వచ్చినట్టేనా? కొలెస్టరాల్ తగ్గించే యాంటీబాడీల విషయంలో యామ్‌జెన్ అనే ఔషధ కంపెనీ 26 యాంటీబాడీల నిర్మాణం వెల్లడించి, అదే పని చేసే యాంటీబాడీలన్నింటిపైనా హక్కు కోరింది. 2023 మేలో అమెరికా సుప్రీంకోర్టు ఏకగ్రీవంగా కాదన్నది. మిగతావాటిని వెతుక్కొమ్మనడం వివరణ కాదన్నది ఆ తీర్పు సారం. ఇది న్యాయమైన తీర్పని నా అభిప్రాయం.

మన దగ్గర బీటీ పత్తి పేటెంటుపై 2018లో ఢిల్లీ హైకోర్టు తీర్పు, 2019 జనవరిలో దాన్ని పక్కనపెట్టిన సుప్రీంకోర్టు ఆదేశం ప్రధానంగా మొక్కలు, విత్తనాలకు పేటెంటు నిషేధించే, మన పేటెంటు చట్టంలోని 3(జె) సెక్షన్ చుట్టూ తిరిగాయి. వివరణకు సంబంధించిన 10(4) సెక్షన్‌పై అంత చర్చ జరగలేదు. అది ఉత్తమ పద్ధతిని చెప్పమంటుంది, ప్రజలకు అందుబాటులో లేని జీవపదార్థాన్ని భద్రపరచమంటుంది, ఆవిష్కరణలో వాడిన జీవపదార్థం ఎక్కడిదో స్పెసిఫికేషన్‌లో, అంటే దరఖాస్తుతో ఇచ్చే వివరణపత్రంలో, రాయమంటుంది. నర్సంపేట మిరప చేని మట్టిలో దొరికిన సూక్ష్మజీవితో ఎవరైనా పేటెంటు కోరితే ఆ మూలం స్పెసిఫికేషన్‌లో ఉండాలి; దాచినా, తప్పు రాసినా పేటెంటును వ్యతిరేకించడానికీ, రద్దు కోరడానికీ అదే ఆధారమవుతుంది.