కముయి కొబయాషికి ఎఫ్1 సీటు ఎందుకు నిలవలేదు

2025 డిసెంబర్‌లో ఫార్ములా వన్ (ఎఫ్1) కార్ల రేసుల్లో రెడ్ బుల్ టీమ్ జపాన్ డ్రైవర్ యూకీ సునోడాను పక్కనపెట్టి, వచ్చే ఏడాదికి ఇసాక్ హజార్‌ను తీసుకుంటున్నామని చెప్పగానే పాత మాట మళ్లీ మొదలైంది. జపాన్ డ్రైవర్‌కు సీటు ఇప్పించేది హోండా లేదా టొయోటా, కంపెనీ వెళ్లిపోతే డ్రైవరూ వెళ్లిపోతాడు, అంతేగా అని. నాకైతే ఈ మాట సగమే నిజం అనిపిస్తుంది. మిగతా సగం తెలియాలంటే కముయి కొబయాషి సంగతి తెలియాలి. కంపెనీ చేయి వదిలేశాక కూడా మూడేళ్లు నిలబడి చూపించినవాడు అతను.

ముందు ఆ నిజమైన సగం గురించి. 1987లో సతోరు నకజిమా లోటస్ టీమ్‌లోకి వచ్చినప్పుడు ఆ కారులో ఉన్నది హోండా ఇంజిన్. టకుమా సాటో జోర్డాన్, బీఏఆర్ అనే టీముల్లో నడిపినప్పుడూ హోండానే. నకజిమా కొడుకు కజుకి నడిపిన విలియమ్స్‌లో టొయోటా ఇంజిన్. 2008 డిసెంబర్‌లో హోండా, 2009 నవంబర్‌లో టొయోటా, ఏడాది తిరగకుండానే రెండూ ఎఫ్1కి దండం పెట్టేశాయి. ప్రపంచమంతా ఆర్థిక మాంద్యంలో ఉన్న రోజులవి, కార్ల అమ్మకాలు పడిపోయాయి, రేసుల మీద అంత డబ్బు పోయడం ఏ బోర్డుకూ ఇష్టం లేదు.

కొబయాషి సరిగ్గా ఆ ఇరుకులో దొరికిపోయాడు. పుట్టింది 1986లో, హ్యోగో ప్రిఫెక్చర్‌లోని అమగసాకిలో. నాన్నకు సుషీ హోటల్ ఉండేది. పెద్ద ఆస్తిపరుల కుటుంబం కాదు, టొయోటా తన యువ డ్రైవర్ల స్కీములోకి తీసుకుని యూరప్ పంపింది. 2009లో టొయోటా డ్రైవర్ టిమో గ్లాక్ జపాన్‌లోని సుజుకా ట్రాక్‌లో, క్వాలిఫయింగ్‌లో (ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీ) గోడను గుద్ది గాయపడితే, చివరి రెండు రేసులకు ఇతనికి పిలుపొచ్చింది. బ్రెజిల్‌లో, అదే రోజు చాంపియన్ కాబోతున్న జెన్సన్ బటన్‌ను చాలాసేపు ముందుకు పోనివ్వలేదు. అబుదాబీలో ఆరో స్థానం, అదీ అనుభవజ్ఞుడైన టీమ్‌మేట్ ట్రూలీ కంటే ముందు. ఆ రేసు ఆదివారం నవంబర్ 1న అయింది. బుధవారానికల్లా టొయోటా టీమే లేదు.

అప్పుడు పీటర్ సౌబర్ అతనికి సీటిచ్చాడు. ఈ విషయం జనం మర్చిపోతారు. బీఎండబ్ల్యూ వదిలేసిన టీమ్‌ను సౌబర్ మళ్లీ తన చేతిలోకి తీసుకున్న సమయమది. 2010 కారు చూస్తే తెల్లగా, దాదాపు ఖాళీగా ఉంటుంది, స్పాన్సర్ల పేర్లే లేవు. ఇంజిన్ ఫెరారీది, వెనక ఏ జపాన్ కార్ల కంపెనీ లేదు. డబ్బు అంత అవసరమైన టీమ్ ఒక కుర్రాడిని రెండు రేసులు చూసి తీసుకుందంటే అది కోటా కాదు కదా.

ఆ ఏడాది సుజుకా రేసు దొరికితే చూడండి. 14వ స్థానంలో మొదలుపెట్టాడు. ఆ ట్రాక్‌లో హెయిర్‌పిన్ (దాదాపు వెనక్కి తిరిగేంత ఇరుకైన) మలుపు దగ్గర ఎవరూ పెద్దగా ఓవర్‌టేక్ ప్రయత్నించరు, ఎందుకంటే బ్రేక్ వేసే చోటే కొంచెం వంపుగా ఉంటుంది. ఇతను మాత్రం పదే పదే అక్కడే దూరాడు. అల్గెర్‌సువారి అనే డ్రైవర్ కారుతో రాసుకుని కారు పక్కభాగం చిరిగిపోయినా ఆగలేదు, ఏడో స్థానంలో ముగించాడు.

రెండేళ్ల తర్వాత, 2012 అక్టోబర్ 7న అదే సుజుకాలో మూడో స్థానం. చివరి ల్యాపుల్లో బటన్ వెనకాలే అంటుకుని వచ్చాడు, అయినా దారివ్వలేదు. 1990లో అగురి సుజుకి అక్కడే మూడో స్థానంలో నిలిచాక, సొంతగడ్డపై జపాన్ డ్రైవర్ పోడియం (మొదటి ముగ్గురు నిలబడే వేదిక) ఎక్కడం మళ్లీ అప్పుడే. స్టాండ్స్ అంతా "కముయి, కముయి" అని ఒకటే అరుపు. అలాంటి రోజు తర్వాత రెండు నెలలు తిరక్కుండానే అతనికి సీటు లేదని తేలిపోయింది.

న్యాయంగా రెండో వైపు కూడా చెప్పాలి. అదే కారులో టీమ్‌మేట్ సెర్హియో పెరెజ్‌కు ఆ ఏడాది మూడు పోడియంలు, 66 పాయింట్లు. కొబయాషివి 60. బెల్జియంలోని స్పా ట్రాక్‌లో రెండో స్థానం నుంచి మొదలుపెట్టి, మొదటి మలుపులోనే గ్రోజాన్ చేసిన పెద్ద యాక్సిడెంట్‌లో ఇరుక్కోకపోయి ఉంటే లెక్క ఎలా ఉండేదో చెప్పలేం. కానీ పెరెజ్ మెక్‌లారెన్‌కు వెళ్లిపోయాక కూడా కొబయాషికి చోటు దొరకలేదు. ఒక సీటు హుల్కెన్‌బర్గ్‌కు, రెండోది ఎఫ్1 అనుభవం లేని ఎస్తెబాన్ గుతియెరెజ్‌కు వెళ్లాయి. గుతియెరెజ్ వెనక మెక్సికో టెలికాం కంపెనీ టెల్మెక్స్ ఉంది. కొబయాషి వెనక అలాంటివాళ్లు ఎవరూ లేరు. కంపెనీ అండతో సీటు సంపాదించడం జపాన్ వాళ్ల జబ్బు అనే వాళ్లు ఈ ఒక్క మార్పిడిని జాగ్రత్తగా చూడాలి. మధ్యస్థాయి టీములు బతికేదే అలా, ఏ దేశం వాడైనా.

దాంతో అతను నేరుగా అభిమానులనే అడిగాడు. ఇంటర్నెట్‌లో చందాలు మొదలుపెడితే జనం నిజంగానే పంపారు. ఒక పోడియం డ్రైవర్ చందాలు అడగాల్సి రావడం నాకు ఇప్పటికీ బాధగానే ఉంటుంది. 2014లో కేటర్‌హామ్‌లో జీతం లేకుండా నడిపాడు, గ్రిడ్‌లో చివర కొట్టుకునే కారు, ఆ టీమ్ కూడా సీజన్ మధ్యలోనే దివాలా తీసింది. ఎఫ్1లో మొత్తం 75 రేసులు, 125 పాయింట్లు, అక్కడితో అయిపోయింది.

తర్వాత టొయోటానే మళ్లీ పిలిచింది, ఈసారి ఫ్రాన్స్‌లో జరిగే లె మాన్స్ 24 గంటల రేసుకు. 2017లో 3 నిమిషాల 14.791 సెకన్ల రికార్డు ల్యాప్‌తో పోల్ (అందరికంటే ముందు నుంచి మొదలుపెట్టే స్థానం) కొట్టాడు. రాత్రి రేసులో అందరికంటే ముందుండి, పిట్‌లోంచి (కారు ఆపి టైర్లు, ఇంధనం చూసుకునే చోటు) బయటికొచ్చే దగ్గర ఎర్ర లైటుకు ఆగి ఉంటే, నారింజ రంగు డ్రెస్‌లో ఒకాయన వచ్చి బొటనవేలు పైకెత్తాడు. మార్షల్ (ట్రాక్ సిబ్బంది) అనుకుని ఇతను కారు కదిలించాడు. ఆయన మార్షల్ కాదు, వేరే టీమ్ డ్రైవర్, ఊరికే ఉత్సాహపరచడానికి వచ్చాడంతే. టీమ్ ఆగమంటే ఆగి, మళ్లీ కదిలి, ఇలా రెండు మూడుసార్లు అయ్యేసరికి క్లచ్ కాలిపోయింది. ఆ కారు పిట్ నుంచి ఎలక్ట్రిక్ మోటర్‌తో కదలాలి, పెట్రోల్ ఇంజిన్‌తో కదిలించడానికి ఆ క్లచ్ చేసింది కాదు. 2019లో గంట మిగిలుండగా ముందున్నారు, సెన్సర్ ఒక టైర్ బదులు ఇంకో టైర్ పంక్చర్ అని చూపించింది, మంచి టైర్ మార్చి పంక్చర్ టైర్‌తోనే బయటికొచ్చారు. అదీ నోటిదాకా వచ్చి పోయింది. చివరికి 2021లో, మైక్ కాన్వే, హోసె మరియా లోపెజ్‌లతో కలిసి, 7 నంబరు కారు గెలిచింది.

2022 నుంచి ఆ టీమ్‌కు బాస్ కూడా కొబయాషే, నడుపుతూనే నడిపిస్తున్నాడు. 2023లో ఆల్ఫాటారి టీమ్ పది రేసులకే తీసేసిన నైక్ డి వ్రీస్, అప్పట్లో సునోడా టీమ్‌మేట్, మరుసటి ఏడాది నుంచి అదే 7 నంబరు కారులో ఇతని పక్కన నడుపుతున్నాడు. 2024 లె మాన్స్‌లో వాళ్లు ఫెరారీ వెనక 14 సెకన్ల తేడాతో రెండో స్థానంలో వచ్చారు.