ఆవు ఏం తిన్నదన్న ప్రశ్న ఎప్పుడు మొదలైంది?

అమెరికాతో వాణిజ్య చర్చలు 2025లో పాల దగ్గరికి వచ్చి ఆగిపోయినప్పుడు ‘మాంసాహార పాలు’ అనే మాట టీవీలకెక్కింది. రక్తం, మాంసం కలిపిన దాణా తిన్న ఆవుల పాలని అర్థం; అలాంటి పాల ఉత్పత్తులు రావద్దని భారత్ పట్టు. బయటినుంచి వచ్చే పాలపొడి మీద 60 శాతం, వెన్న మీద 40 శాతం సుంకం సంగతి, దేశంలో 8 కోట్ల కుటుంబాలు పాడి మీద ఆధారపడిన సంగతి పాఠకులకు తెలిసినవే. క్షీర విప్లవం కథ మళ్ళీ చెప్పనక్కర్లేదు. ఈ తగువు మూలం 2001లో ఉంది.

ఆ ఏడాది ఏప్రిల్ 1న భారత్ మిగిలిన 715 రకాల సరుకులపై దిగుమతి పరిమాణ ఆంక్షలు ఎత్తేసింది. ప్రపంచ వాణిజ్య సంస్థలో అమెరికా వేసిన కేసులో ఓడిపోవడమే కారణం. ఇన్ని టన్నులకు మించి రావద్దని చెప్పే హక్కు పోయి, సుంకాలూ ప్రమాణాలూ మాత్రమే మిగిలాయి.

నెల తిరిగేసరికి ఇంకో వార్త. మెక్‌డొనాల్డ్స్ బంగాళాదుంప వేపుడులో గొడ్డుమాంసం నుంచి తీసిన రుచి ద్రవ్యం ఉందని అమెరికాలో కొందరు శాకాహారులు కోర్టుకెక్కారు. పూర్తిగా వంటనూనెలోనే వేయిస్తున్నామని 1990లో ఆ కంపెనీ ఘనంగా ప్రకటించుకుంది. నూనె విషయంలో అబద్ధమేమీ లేదు. అయితే ముక్కలు నూనెలో పడకముందే వాటికి పట్టించిన దాన్ని ‘సహజ రుచి’ అన్న రెండు మాటల కింద దాచారు. పదేళ్ళుగా నిశ్చింతగా తిన్న హిందువులకు ఆ రెండు మాటల అర్థం ఆ రోజు తెలిసింది. ఇక్కడి దుకాణాల్లో అది వాడలేదని కంపెనీ చెప్పినా ముంబై ప్రాంతంలో అద్దాలు పగిలాయి. 2002లో కోటి డాలర్లు, ఒక క్షమాపణతో కేసు ముగిసింది.

నా లెక్కలో మలుపు ఇదే. విదేశీ సరుకు గురించి అంతవరకు అడిగింది ‘ఎంత ధర?’ అని. ఆ తర్వాత ‘లోపల ఏముంది?’ అని అడగడం మొదలైంది. ఆహార పొట్లాల మీద ఆకుపచ్చ, గోధుమరంగు చుక్కలు తప్పనిసరి అయినదీ ఆ రోజుల్లోనే. 2003లో ప్రశ్న ఇంకో మెట్టు దిగింది: పాలల్లో ఏముందన్నది సరే, పాలిచ్చిన పశువు ఏం తిన్నది? జంతువుల రక్తం పొడి, అంతర్గత అవయవాలు, కణజాలంతో చేసిన దాణా ఆ పశువుకు ఎన్నడూ పెట్టలేదని ధ్రువపత్రం ఉంటేనే పాల ఉత్పత్తులకు అనుమతి అని భారత్ షరతు పెట్టింది.

దీనికి శాస్త్రీయ ఆధారం లేదని, ఇది ముసుగేసుకున్న అడ్డుగోడ అని అమెరికా వాదన. పరిమాణ ఆంక్షలు పోయిన రెండేళ్ళకే ఈ షరతు రావడం చూస్తే అనుమానం రాక మానదు. గేదె మాంసం ఎగుమతిలో ముందు వరసలో ఉన్న దేశానికి ఈ పట్టింపు ఏమిటని వాళ్ళు ఎత్తిపొడిస్తే తడుముకోవలసిందే.

అయినా శాస్త్రం తన గీత ఎక్కడ గీసిందో చూడాలి. పిచ్చి ఆవు వ్యాధికీ మనుషుల్లో వచ్చే మెదడు జబ్బుకూ సంబంధం ఉండవచ్చని 1996 మార్చిలో బ్రిటన్ ఒప్పుకున్నాక, నెమరువేసే పశువుల మాంసకృత్తులను తిరిగి వాటికే మేపడాన్ని 1997లో అమెరికా నిషేధించింది. రక్తాన్ని, పంది మాంసకృత్తులను మాత్రం మినహాయించింది. అక్కడ గీత జబ్బు దగ్గర ఆగింది. తెల్లవారుజామున కుడితి తొట్టిలో తౌడు, వేరుశనగ చెక్క మోచేతిదాకా కలిపి గేదె ముందు పెట్టే మనిషికి గీత వేరే చోట ఉంటుంది. గడ్డి తినే జీవానికి రక్తం పెట్టడమే ఆయనకు తప్పు; జబ్బు వస్తుందా రాదా అన్నది తర్వాతి మాట. అభిషేకానికి పాలు పోసే ఇంట్లో ఈ సంగతి ఎవరూ విడమరచి చెప్పక్కర్లేదు.

ఇలాంటి పట్టింపు మనకొక్కరికే ఉందా? సీళ్ళను చంపే తీరు తమ ప్రజల నీతికి విరుద్ధమంటూ ఐరోపా సమాఖ్య 2009లో వాటి ఉత్పత్తులను నిషేధించింది. కెనడా, నార్వే కేసు వేశాయి. అమలులో వివక్ష ఉందని తప్పుపట్టినా, ‘ప్రజా నీతి’ అన్న కారణాన్ని మాత్రం 2014లో ప్రపంచ వాణిజ్య సంస్థ అప్పీలు విభాగం అంగీకరించింది.

పాల షరతు మీద అమెరికా ఆ దారి పట్టలేదు. 2018లో అక్కడి పాడి సంఘాల ఫిర్యాదు మీద, గుండె రక్తనాళాల్లో వేసే స్టెంట్ల ధరల గొడవతో కలిపి, భారత్‌కిచ్చే సుంకం రాయితీలను సమీక్షకు పెట్టింది. పద్ధతిని సులభం చేస్తాం, షరతును మాత్రం సడలించం అని 2019 మార్చిలో ఢిల్లీ చెప్పింది. జూన్ 5న రాయితీలు పోయాయి.

నా దృష్టిలో అసలు చిక్కు ధ్రువపత్రంలోని ఒక్క మాటలోనే ఉంది: ‘ఎన్నడూ’. దూడకు పట్టే పాలపొడిలోనూ రక్తం నుంచి తీసిన ప్లాస్మా కలిపే అలవాటున్న చోట, ఏ ఆవు గురించి ఆ మాట రాసి సంతకం పెడతారు?