హైదరాబాద్ హద్దుల తగవు: అసలు మలుపు 2007–08లోనే

హైదరాబాద్ అవుటర్ రింగు రోడ్డు లోపలున్న 27 పట్టణ స్థానిక సంస్థలు గ్రేటర్ హైదరాబాద్ నగరపాలక సంస్థ (జీహెచ్‌ఎంసీ)లో కలిసిపోయాయి. వాటిలో 20 మున్సిపాలిటీలు, 7 కార్పొరేషన్లు. 2025 నవంబరు 25న మంత్రివర్గం సరే అన్నది. డిసెంబరు మొదటి వారం గడిచేలోగా ఆర్డినెన్సు, దాని వెంటే జీవో వచ్చేశాయి. 650 చదరపు కిలోమీటర్ల నగరం ఒక్కసారిగా 2,053 చదరపు కిలోమీటర్లయింది. 150 వార్డుల స్థానంలో 300 వార్డుల ముసాయిదా వెలువడింది. ఏ వార్డులో ఎంత జనాభా ఉందో చెప్పండి, పటాలు బయటపెట్టండి అంటూ కొందరు హైకోర్టుకు వెళ్లారు. ఇంతలోనే, కలిపినదాన్ని మూడు కార్పొరేషన్లుగా విడగొడతారన్న మాట కూడా మొదలైంది.

1908 మూసీ వరద, దాని తర్వాత పుట్టిన నగరాభివృద్ధి మండలి, 1960లో హైదరాబాద్, సికింద్రాబాద్ కార్పొరేషన్లు ఒకటి కావడం పాఠకులకు తెలిసినవే. ఇప్పటి తగవుకు అంత వెనక్కి వెళ్లాల్సిన పని లేదు. 2007 ఏప్రిల్ నుంచి 2008 ఆగస్టు దాకా గడిచిన పదహారు నెలలు చూస్తే చాలు.

2007కు ఐదేళ్ల ముందు నగరంలో ఒక అరుదైన పని జరిగింది. 1986 తర్వాత ఎన్నికలే చూడని పాత కార్పొరేషన్‌కు 2002లో ఎన్నికలు పెట్టారు. ఓటర్లు నేరుగా మేయర్‌ను ఎన్నుకున్నారు. తెలుగుదేశం అభ్యర్థి తీగల కృష్ణారెడ్డి గెలిచారు. ఆయన పాలన బాగుందా లేదా అన్నది వేరే సంగతి. నగరమంతా ఓటేసి పంపిన మనిషి ఒకరున్నారు, పని జరగకపోతే పేరు పెట్టి అడగడానికి వీలుండేది. తర్వాతి ఎన్నికల నాటికి ఆ పద్ధతి పోయింది. మేయర్‌ను కార్పొరేటర్లు, ఎక్స్‌అఫీషియో సభ్యులు (ఎమ్మెల్యేలు, ఎంపీల వంటి పదవిరీత్యా సభ్యులు) కలిసి ఎన్నుకునే పరోక్ష విధానం వచ్చింది.

ఆ రెండు ఎన్నికల మధ్యనే, వై.ఎస్. రాజశేఖరరెడ్డి ముఖ్యమంత్రిగా ఉండగా, 2007 ఏప్రిల్ 16న గ్రేటర్ (జీహెచ్‌ఎంసీ) పుట్టింది. ఎల్బీనగర్, ఉప్పల్, మల్కాజిగిరి, కూకట్‌పల్లి, శేరిలింగంపల్లి వంటి 12 మున్సిపాలిటీలను, 8 గ్రామపంచాయతీలను పాత నగరపాలక సంస్థలో కలిపారు. 175 చదరపు కిలోమీటర్లకు మించని నగరం మూడు రెట్లకు పైగా పెరిగింది. పెరిగిన నగరానికి పాలకమండలి మాత్రం 2009 చివరి దాకా రాలేదు. అంటే రెండున్నరేళ్లు ప్రత్యేకాధికారి పాలనే. శివార్ల జనం ఆ రోజుల్లో వేసిన ప్రశ్నలు సూటిగా ఉండేవి. మా పన్ను ఎంత పెరుగుతుంది? నీళ్లు ఎప్పుడిస్తారు? ఇన్నాళ్లూ మున్సిపల్ ఆఫీసులో చెప్పుకున్నదాన్ని ఇక ఏ సర్కిల్ ఆఫీసులో, ఎవరికి చెప్పుకోవాలి? ఈసారి కలిపిన మణికొండలోనూ బోడుప్పల్‌లోనూ వినబడినవి దాదాపు ఇవే మాటలు.

ఇక రెండో సగం. దీని మీద ఇప్పటికీ తగినంత చర్చ లేదు. 2008 ఆగస్టులో హుడాను (హైదరాబాద్ పట్టణాభివృద్ధి సంస్థ) రద్దు చేసి, దానితోపాటు సైబరాబాద్, విమానాశ్రయ, బుద్ధపూర్ణిమ అభివృద్ధి సంస్థలనూ కలిపి హైదరాబాద్ మహానగర అభివృద్ధి సంస్థ (హెచ్‌ఎండీఏ)ను ఏర్పాటు చేశారు. విస్తీర్ణం 7,257 చదరపు కిలోమీటర్లు. అధ్యక్షుడు ముఖ్యమంత్రి. మాస్టర్ ప్లాన్, పెద్ద లేఅవుట్లు, భూముల వేలం, అవుటర్ రింగు రోడ్డు అన్నీ అటు చేరాయి. నీళ్లు, మురుగు సంగతి 1989 చట్టంతోనే వాటర్ బోర్డుకు పోయింది. కార్పొరేషన్‌కు చెత్త, లోపలి రోడ్లు, వీధి దీపాలు, నాలాలు, ఇంటి అనుమతులు, ఆస్తిపన్ను మిగిలాయి. ఆ పన్ను మీద కూడా చివరి మాట కార్పొరేషన్‌ది కాదు. 2016 ఎన్నికల ముందు, ఏటా 1,200 రూపాయల లోపు పన్ను కట్టే ఇళ్లకు 101 రూపాయలు చాలని నిర్ణయించింది రాష్ట్ర ప్రభుత్వమే.

నగరం పెద్దదైన ఆ పదహారు నెలల్లోనే నగరం గురించి నిర్ణయించే అధికారం సచివాలయానికి చేరిపోయింది. తర్వాత జరిగినదంతా దీని కొనసాగింపే అని నా అభిప్రాయం.

మేయర్ పదవి ఏమైందో చూడండి. 2009లో ఏ పార్టీకీ మెజారిటీ రాకపోవడంతో పదవిని కాంగ్రెస్, మజ్లిస్ పంచుకున్నాయి. 2014 డిసెంబరు నుంచి 2016 ఫిబ్రవరి దాకా పాలకమండలే లేదు. 2020లో 56 వార్డులు గెలిచిన టీఆర్‌ఎస్‌కు మజ్లిస్ మద్దతుతో మేయర్ కుర్చీ దక్కింది. ఆ మేయర్ 2024లో కాంగ్రెస్‌లో చేరారు. 2026 ఫిబ్రవరి దాకా గడువున్న పాలకమండలి అదే.

డబ్బు దారి కూడా చూడాలి. 2023 ఆగస్టులో కోకాపేట నియోపొలిస్‌లో 45 ఎకరాలను వేలం వేస్తే 3,319 కోట్ల రూపాయలు పలికింది. ఒక ప్లాటు ఎకరం వంద కోట్లు దాటింది. కోకాపేట అప్పుడున్నది నార్సింగి మున్సిపాలిటీలో. వేలం వేసింది హెచ్‌ఎండీఏ. అదే ఏడాది అవుటర్ రింగు రోడ్డును 30 ఏళ్లకు లీజుకిచ్చి 7,380 కోట్లు తీసుకున్నారు. 2025 విలీనంతో ఆ అవుటరే నగరానికి హద్దు అయింది.

మధ్యలో రాష్ట్ర విభజన వచ్చింది. 2014 పునర్విభజన చట్టం ఐదో సెక్షన్ పదేళ్ల ఉమ్మడి రాజధాని అంటే ఏమిటో చెబుతూ, అప్పటి జీహెచ్‌ఎంసీ పరిధినే లెక్కలోకి తీసుకుంది. 2007 నాటి ఒక పురపాలక హద్దు పార్లమెంటు చట్టంలోకి ఎక్కిందన్నమాట. కారణం అదో కాదో గానీ, 2024 జూన్ 2న ఆ గడువు తీరేదాకా గ్రేటర్ హద్దు కదల్లేదు. దాని బదులు చుట్టూ కొత్త కార్పొరేషన్లు పుట్టాయి. బడంగ్‌పేట, మీర్‌పేట, బండ్లగూడ జాగీర్, బోడుప్పల్, పీర్జాదిగూడ, జవహర్‌నగర్, నిజాంపేట. 2020 జనవరిలో వాటికి ఎన్నికలు జరిగాయి. మేయర్లు వచ్చారు. 2025 జనవరిలో గడువు తీరింది, మళ్లీ ఎన్నికలు పెట్టలేదు. విలీనానికి ఔననడానికో కాదనడానికో అక్కడ పాలకమండళ్లే లేవు. పంచాయతీల కథ ఇంకా విచిత్రం. 2024లో 51 గ్రామపంచాయతీలను పక్కనున్న మున్సిపాలిటీల్లో కలిపారు. ఏడాదిన్నర కూడా తిరగలేదు, ఆ మున్సిపాలిటీలే మాయమయ్యాయి.

ప్రభుత్వం చెప్పేదీ కొట్టిపారేయదగ్గది కాదు. వరద నీటికి మున్సిపాలిటీ హద్దు తెలియదు, ఒకే నాలా మూడు సంస్థల పరిధిలో పారితే ఎవరూ బాగు చేయరు, ఒకే రహదారికి అటూ ఇటూ రెండు రకాల నిబంధనలు ఎందుకు అని అడుగుతోంది. అవుటర్ లోపలంతా ఒకే పరిధి అన్న ఆలోచనతోనే 2024లో చెరువులు, నాలాల ఆక్రమణల మీద చర్య తీసుకునే హైడ్రాను తెచ్చారు. అవి సరైన మాటలే. అయితే అవి జవాబుదారీతనం గురించిన ప్రశ్నకు జవాబు కావు.

ఆ ప్రశ్నకు జవాబు రాజ్యాంగంలో ఉంది. 74వ సవరణతో వచ్చిన 243జెడ్‌ఈ అధికరణం, పది లక్షలు, అంతకు మించిన జనాభా ఉన్న మహానగర ప్రాంతానికి ఒక ప్రణాళికా కమిటీ ఉండాలంటుంది. అందులో మూడింట రెండొంతుల మందిని స్థానిక సంస్థల ప్రతినిధులే తమలోంచి ఎన్నుకోవాలి. దాని కోసం ఉమ్మడి రాష్ట్రంలో 2007లోనే చట్టం చేశారు. సరిగ్గా ఆ ఏడాదే! కానీ నగరంలో ఆ కమిటీ పేరు ఎత్తేవారు కనబడరు. దాని బదులు 2025 మార్చిలో హెచ్‌ఎండీఏ పరిధిని 10,472 చదరపు కిలోమీటర్లకు పెంచారు, దక్షిణాన కట్టదలచిన కొత్త నగరం ఫ్యూచర్ సిటీకి మరో సంస్థ పెట్టారు. ఇప్పుడు ముఖ్యమంత్రి రేవంత్‌రెడ్డి దగ్గరే పురపాలక శాఖ కూడా ఉంది.

మూడు ముక్కల ఆలోచన కొత్తది కాదు. ఢిల్లీ కార్పొరేషన్‌ను 2012లో మూడు చేశారు, 2022లో మళ్లీ ఒకటి చేశారు. బెంగళూరులో 2020 సెప్టెంబరు నుంచి ఐదేళ్లు పాలకమండలి లేదు. 2025లో ఆ నగరాన్ని ఐదు కార్పొరేషన్లు చేసి, పైన ముఖ్యమంత్రి అధ్యక్షతన ఒక సంస్థను కూర్చోబెట్టారు. మన దగ్గర ఎన్ని ముక్కలవుతాయన్నది విలీనం నాటికి తేలలేదు. ప్రజల నుంచి అభ్యంతరాలు తీసుకున్నది మాత్రం 300 వార్డుల గీతల మీదనే, విలీనం మీద కాదు.