పెండ్లి పత్రికలో దొంగ ఎలా దూరాడు?

అనంతపురం టవర్ క్లాక్ దగ్గర ఒక సెల్ రిపేరు షాపులో స్క్రీన్ గార్డు వేయించుకుంటూ కూర్చున్నాను. కళ్యాణదుర్గం వైపు నుంచి వచ్చిన శెనక్కాయల రైతు ఒకాయన ఫోన్ తీసి కౌంటర్ మీద పెట్టాడు. "నా పేరుతో ఊరంతా పెండ్లి పత్రికలు పోతాండాయప్పా. మా ఇంట్లో పెండ్లీడు పిల్లోళ్లే లేరు" అన్నాడు. నాకు నవ్వొచ్చింది గానీ షాపు కుర్రాడు నవ్వలేదు. ముందు ఫ్లైట్ మోడ్ నొక్కాడు. సెట్టింగ్స్‌లో యాప్‌ల జాబితా కిందికి జరుపుతూ పోయి, పేరు తప్ప బొమ్మ కూడా లేని ఒక యాప్ దగ్గర ఆగాడు. పర్మిషన్లలో ఎస్సెమ్మెస్‌కి 'అనుమతి ఉంది' అని ఉంది.

"పత్రిక చూసేకి నీ మెసేజులు ఎందుకన్నా చదవాల?"

ఆ ప్రశ్నకు జవాబు కావాలంటే 2009కి పోవాలి. ఆ ఆగస్టు నుంచి ఆన్‌లైన్‌లో కార్డు వాడితే నంబరొక్కటే చాలదు, ఇంకో తనిఖీ ఉండాలని రిజర్వ్ బ్యాంక్ నిబంధన పెట్టింది. చాలా బ్యాంకులు దానికి ఓటీపీని ఎస్సెమ్మెస్‌లో పంపడం మొదలుపెట్టాయి. మంచి పనే. కాకపోతే బీరువా తాళం మెసేజుల డబ్బాలో వచ్చి పడింది. 2016లో యూపీఐ వచ్చింది, అదే ఏడాది జియో, నవంబర్‌లో నోట్ల రద్దు. మండీలో, పూలకొట్టులో క్యూఆర్ కోడ్లు వేలాడాయి. నంబరు మనదేనని యూపీఐ గుర్తుపట్టేదీ సిమ్ నుంచి పోయే ఎస్సెమ్మెస్‌తోనే. వాట్సాప్‌ను కొత్త ఫోన్‌లో తెరవాలన్నా కోడ్ వచ్చేది సాధారణంగా అందులోకే. ఈ రైతు పేరుతో పత్రికలు పోయింది అలాగే.

2018లో గూగుల్, మెసేజులు చదివే పర్మిషన్‌ను ప్లే స్టోర్‌లో దాదాపు మెసేజింగ్ యాప్‌లకే పరిమితం చేస్తానంది. వాకిలి మూసేసరికి దొంగలు దొడ్డిదారి పట్టారు. ఆ దారి ఏపీకే ఫైలు. రైతుకు పెండ్లి పత్రిక పేరుతో వచ్చిందీ అదే. ఆండ్రాయిడ్ యాప్ ఏదైనా ఆ మూటలోనే ఉంటుంది, స్టోర్‌తో పనిలేకుండా నేరుగా వేసుకోవచ్చు. ఆండ్రాయిడ్ 8కి ముందు ఒక్క స్విచ్ నొక్కితే ఎక్కడి ఫైలైనా దూరేది. 2017 నుంచి ఫైలు ఏ యాప్ ద్వారా వస్తే దానికి విడిగా అనుమతి అడుగుతోంది. అడిగితే ఏం లాభం? పంపింది మేనమామ కొడుకు నంబరు. సీమలో పెండ్లి పత్రిక తెరిచి చూడలేదంటే పదేళ్లు మాట పడాలి. పీఎం కిసాన్, ట్రాఫిక్ చలానా, బ్యాంకు కేవైసీ పేర్లతో వచ్చేవీ ఇవే మూటలు.

ఇట్ల మనతోనే సరే అనిపించుకోవడం పాత ఎత్తే. 2004లో కనిపించిన కాబిర్, ఫోన్ నుంచి ఫోన్‌కు తనంతట తాను పాకే తొలి మొబైల్ వైరస్ (వార్మ్), బ్లూటూత్‌లో వచ్చి, 'తీసుకోమంటావా?' అని అడిగేది. యజమాని సరే అంటేనే లోపలికి.

ఫోన్ మీద నిఘా అంటే మనవాళ్లకు ముందు గుర్తొచ్చేది పెగాసస్ అనే ఇజ్రాయెల్ గూఢచారి సాఫ్ట్‌వేర్. 2016లో యూఏఈలోని ఒక హక్కుల కార్యకర్త ఫోన్‌కు వచ్చిన లింకుల ద్వారా టొరంటోలోని సిటిజన్ ల్యాబ్ అనే పరిశోధన సంస్థ దాన్ని బయటపెట్టింది. 2019లో పెగాసస్ ఎత్తని వాట్సాప్ కాల్‌తోనే సుమారు 1,400 మందిని గురిపెట్టింది. మన దేశంలో పెగాసస్ వాడారా అని తేల్చేకి సుప్రీంకోర్టు 2021లో వేసిన కమిటీ 29 ఫోన్లు చూసింది. ఐదింటిలో ఏదో మాల్‌వేర్ ఉందిగానీ అది పెగాససే అని తేలలేదు. అది కోట్లు పెట్టి కొనే సరుకు, శెనక్కాయల రైతు మీదికి రాదు. టీకొట్టు దగ్గర పెగాసస్ గురించి గంటలు వాదించిన నేను, నా ఫోన్‌కు ఏడు నెలలుగా అప్‌డేట్ వేయలేదని ఆ షాపులోనే చూసుకున్నాను.

అంతకుముందు ఫోన్ వినాలంటే ఎక్స్ఛేంజీలో మనిషి కావాలి. అప్పట్లో 1885 టెలిగ్రాఫ్ చట్టమే దానికి ఆధారం. పక్కనే కర్ణాటకలో 1988లో ఫోన్ ట్యాపింగ్ గొడవకే ముఖ్యమంత్రి రామకృష్ణ హెగ్డే కుర్చీ పోయింది. ఎవరు, ఏ పద్ధతిలో వినొచ్చో 1996లో సుప్రీంకోర్టు హద్దులు గీసింది. పత్రిక పంపేవాడికి ఆ హద్దులు పట్టవు.

కుర్రాడు ఆ యాప్‌కున్న, దాన్ని తీసేయనివ్వకుండా అడ్డుపడే అడ్మిన్ హక్కు తీసేసి, తర్వాత దాన్ని తొలగించాడు. బ్యాంకుకు చెప్పి, డబ్బు పోయుంటే వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి చేయమన్నాడు. గంట గడిస్తే డబ్బు నాలుగు ఖాతాలు మారుతుందట. రైతు నా ఫోన్ అడిగి తీసుకుని చెల్లెలికి చేశాడు.

"నా నంబరు నుంచి పత్రిక వస్తే తెరవొద్దు మ్మా."

స్పీకర్‌లో ఆమె గొంతు వినపడింది. "నువ్వు పంపితే ఎట్ల తెరవకుంటా న్నా? పొద్దున్నే తెరిచినా. ఏమీ కనపల్లేదు."