పిల్లి పొట్టలో 40 బల్లులు

ఆస్ట్రేలియాలో ఒక పిల్లి పొట్ట కోసి చూస్తే అందులో 40 బల్లులు ఉన్నాయి. ఇలాంటి లెక్కలు తీసేవాళ్ల పని చూడటానికి అంత బాగుండదు. చచ్చిన పిల్లుల పొట్టలో ఉన్నదాన్నీ, ఇసుకలో ఏరుకొచ్చిన పిల్లి పెంటనీ జల్లెడలో వేసి కడుగుతారు. మిగిలిన పొలుసులు, గోళ్లు, పళ్లు, ఈక ముక్కలు వేరు చేస్తారు. వెంట్రుకని అడ్డంగా కోసి మైక్రోస్కోపు కింద పెడితే అది ఏ జంతువుదో పోల్చుకోవచ్చు. ఆ ఖండంలో పలుచోట్ల జరిగిన ఇలాంటి పరిశీలనలన్నిటినీ 2015లో ఒకచోట చేర్చి చూశారు. పిల్లుల బారిన పడుతున్న వెన్నెముక జీవుల జాతులు కనీసం 400 అని తేలింది.

ఇక్కడ పిల్లి అంటే మన జంగుపిల్లి లాంటి అడవి జాతి కాదు. వంటింట్లో కాళ్లకి అడ్డం పడుతూ తిరిగేదే. 1788లో బ్రిటిష్ ఓడలెక్కి అక్కడికి వెళ్లింది. కుందేళ్లనీ ఎలుకల్నీ అదుపు చేస్తుందన్న ఆశతో 19వ శతాబ్దంలో కావాలని కూడా వదిలారు. మనిషితో పని లేకుండా తరతరాలుగా బయటే పుట్టి పెరుగుతున్న వీటినే ఫెరల్ పిల్లులు అంటారు. కరువు ఏళ్లలో 21 లక్షలు, వానలు బాగా పడి ఎర పెరిగిన ఏళ్లలో 63 లక్షల దాకా ఉంటాయని అంచనా.

మన ఇళ్లలో పెరుగన్నం పెడితే తింటుంది కాబట్టి పిల్లికి ఏదైనా ఒకటే అనుకుంటాం. దాని ఒంటి తీరు వేరు. టారిన్ అనే పదార్థం దానికి మాంసంలోంచే రావాలి, అది చాలకపోతే చూపు పోతుంది, గుండె దెబ్బతింటుంది. తీపిని పసిగట్టే జన్యువు దానిలో ఎప్పుడో చెడిపోయింది. నీళ్లు కూడా చాలావరకు వేటలోంచే వస్తాయి. చంపిన జంతువు ఒంట్లోని తేమతో సరిపెట్టుకోగలదు కాబట్టి, చెలమ కూడా లేని ఎడారిలో హాయిగా బతికేస్తుంది.

మాంసమే కావాలి గానీ, ఏ మాంసం అన్న పట్టింపు లేదు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఎడారి నడిబొడ్డున బల్లులు, కుందేళ్లున్న చోట కుందేళ్లు, అవి తగ్గితే చిట్టెలుకలు, పిట్టలు. ఒకే రకం ఎర మీద ఆధారపడిన వేటజంతువైతే ఎర తరిగిపోగానే తనూ తరిగిపోతుంది. పిల్లి విషయంలో అలా జరగదు. కుందేళ్లు దాని కడుపు నింపుతూ సంఖ్య తగ్గకుండా కాపాడతాయి. అలా తగ్గకుండా ఉన్న పిల్లులే, అరుదైపోయిన బిల్బీ (పొడుగు చెవులతో, పొట్ట సంచిలో పిల్లల్ని పెంచే చిన్న జంతువు) లాంటి వాటి పిల్లల్ని దొరికినప్పుడల్లా ఏరుకుని తింటాయి. అంటే యూరప్ నుంచి వచ్చిన కుందేలు, యూరప్ నుంచి వచ్చిన పిల్లిని మేపుతూ ఉంటే, నష్టం మాత్రం స్థానిక జంతువుకి. బ్రిటిష్ వాళ్లు అడుగుపెట్టాక ఆస్ట్రేలియాలో అంతరించిన క్షీరద జాతుల్లో 20కి పైగా పోవడంలో పిల్లుల చెయ్యి ఉందని శాస్త్రవేత్తలు అంటారు. ఎర్ర నక్కల పాత్రా ఉంది, అది వేరే కథ.

వాయవ్యాన కింబర్లీ ప్రాంతంలో పిల్లుల మెడకి చిన్న కెమెరాలు కట్టి 100కి పైగా వేటల్ని చూశారు. గడ్డి దట్టంగా ఉన్న చోటా, రాళ్ల మధ్యా 100కి 17 వేటలే ఫలించాయి. బోడి నేల మీద 70. చంపినవాటిలో నాలుగో వంతుకు పైగా తినకుండా వదిలేశాయి. పిల్లికి చెలగాటం అని మనవాళ్లు ఊరికే అనలేదు. అడవి కాలిన చోటికి తమ తావు దాటి 12 కిలోమీటర్లు నడిచి వెళ్లిన పిల్లులూ ఉన్నాయి. దాక్కోవడానికి గడ్డి పోచ కూడా మిగలని చోట ఎలుక పరిస్థితి ఊహించుకోవచ్చు.

2020 నాటికి 20 లక్షల పిల్లుల్ని చంపుతామని ఆస్ట్రేలియా ప్రభుత్వం 2015లో ప్రకటించింది. వినడానికి పెద్ద అంకే గానీ, నాకది లెక్క కోసం లెక్కలాగే కనిపిస్తుంది. ఆస్ట్రేలియాకి దక్షిణాన ఉన్న టాస్మేనియా దీవి అడవుల్లో పిల్లుల్ని కొద్దికొద్దిగా తొలగిస్తూ పోతే అక్కడ కనిపించే పిల్లులు తగ్గకపోగా పెరిగాయి. ఖాళీ అయిన తావులోకి చుట్టుపక్కల పిల్లులు వచ్చి చేరడమే ఇందుకు కారణమని పరిశోధకులు భావించారు. ఎన్ని చంపామన్నదానికంటే కుందేళ్లని ఎక్కడ తగ్గించాం, మంటల్ని ఎక్కడ ఆపి గడ్డిని నిలబెట్టాం అన్నవి అడగాల్సిన ప్రశ్నలు.

పిల్లికి విషం పెట్టడం కూడా అంత తేలిక కాదు. బతికున్న ఎర దొరుకుతుండగా కింద పడి ఉన్న మాంసాన్ని అది సాధారణంగా ముట్టదు. అందుకే ఫెలిక్సర్ అనే పరికరం తిండితో పని లేకుండా దాని శుభ్రత మీద దెబ్బ కొడుతుంది. ఎదురుగా నడిచి వెళ్తున్నది పిల్లి ఆకారమేనని సెన్సర్లు తేల్చుకోగానే విషం కలిపిన జెల్‌ని దాని ఒంటి మీదికి చిమ్ముతుంది. బొచ్చుకి ఏదంటినా నాకకుండా ఉండలేదు కదా.

ఇక కంచెలు. దక్షిణ ఆస్ట్రేలియాలో రాక్స్‌బీ డౌన్స్ దగ్గర ఎరిడ్ రికవరీ సంస్థ 123 చదరపు కిలోమీటర్ల మేర వల కంచె కట్టింది. పైభాగం బిగుతుగా కాక వేలాడుతూ ఉంటుంది, ఎక్కిన పిల్లి బరువుకి వెనక్కి వంగి దాన్ని కింద పడేస్తుంది. లోపల బిల్బీలు బాగానే పెరిగాయి. అయితే పిల్లినే చూడని బిల్బీకి పిల్లంటే భయం ఎలా వస్తుంది? ఈ సంగతి తేల్చడానికి కంచెలో ఒక భాగంలోకి కావాలనే కొన్ని పిల్లుల్ని వదిలారు. రెండేళ్ల తర్వాత ఆ భాగంలోని బిల్బీలు మునుపటికంటే జంకుగా, జాగ్రత్తగా మెలగడం గమనించారు. వాటినీ, పిల్లి ఎరగని బిల్బీలనూ కలిపి పిల్లులున్న మరో చోటికి తరలిస్తే, పిల్లిని ఎరిగినవే ఎక్కువగా బతికాయి.