క్రిస్మస్‌కి ఇంట్లో ఫడ్జ్: అపోహలు - వాస్తవాలు

డిసెంబర్ వచ్చిందంటే నా ఫోన్‌కి రెండే రకాల ఫిర్యాదులు. "అక్కా, ఎంతసేపైనా గట్టిపడ్తలేదు" అని ఒకరు, "అక్కా, రవ్వ లెక్క అయింది" అని ఇంకొకరు. హనుమకొండలో ఇంటి నుంచే మిఠాయిలు చేసి ఇస్తుంటాను, అడిగినవాళ్లకి నేర్పిస్తుంటాను. కాజీపేట, ఫాతిమానగర్ వైపు క్రిస్మస్‌కి కేకు, పిండివంటలు ఇరుగుపొరుగుకి పంచుకుంటారు. ఈ మధ్య వాటి పక్కన ఫడ్జ్ డబ్బా కూడా చేరింది. ఫడ్జ్ అంటే పంచదార, పాలు, వెన్నతో పాకం పట్టి చేసే మెత్తటి మిఠాయి ముక్క. నాకు చాలా సంతోషం. కానీ అరకిలో పంచదార, మంచి వెన్న, చిక్కటి పాలు పోసి చేసింది చెడిందని పారబోశామంటే ప్రాణం ఉసూరుమంటుంది. అందుకే ఇది రాస్తున్నాను.

అపోహ: ఇది మన చేతికి రాని ఇంగ్లీషు వంట

అరిసెల పాకం చూడటం వచ్చినవాళ్లకి ఇందులో సగం పని వచ్చినట్టే. ఫడ్జ్ పాకం 112 నుంచి 116 డిగ్రీల సెల్సియస్ మధ్య దింపాలని పుస్తకాల్లో ఉంటుంది. ఆ వేడిలో ఉన్న పాకం చుక్కని చల్లటి నీళ్లలో వేసి వేలితో దగ్గరికి తీయండి. మెత్తటి ఉండ అవుతుంది, నీళ్లలోంచి తీసి నొక్కితే అణిగిపోతుంది. మనం ఉండపాకం అనేది దీన్నే. తీగపాకం దగ్గర దింపితే ఎన్నటికీ గట్టిపడదు, ఉండ గట్టిగా నిలబడేదాకా ఉంచితే ముక్క పొడిపొడిగా విరుగుతుంది.

వంటకి వాడే థర్మామీటర్ ఉంటే మంచిదే. అయితే ముందు దాన్ని మరిగే నీళ్లలో పెట్టి చూడండి. మన వరంగల్ ఎత్తుకి నీళ్లు 99 డిగ్రీల దగ్గర మరుగుతాయి. మీది 96 చూపిస్తే మూడు డిగ్రీలు తక్కువ చెబుతోందన్నమాట, పాకానికి కూడా అంతే తేడా లెక్కేసుకోవాలి. నేను థర్మామీటర్ పెట్టినా నీళ్ల గిన్నె మాత్రం పక్కనే ఉంచుకుంటాను.

పెద్ద ఫ్యాక్టరీలో పుట్టిన మిఠాయి కూడా కాదిది. అమెరికాలో 1880ల్లో బయటికొచ్చింది. వాసర్ కాలేజీలో చదివిన ఎమెలిన్ హార్ట్‌రిడ్జ్ అనే అమ్మాయి, 1888లో కాలేజీలో జరిగిన వేలానికి 30 పౌండ్ల ఫడ్జ్ చేశానని ఉత్తరంలో రాసింది. అంటే 13 కిలోల పైమాటే. చదువుకునే అమ్మాయి చేయగలిగింది మనం చేయలేమా?

అపోహ: ఎంత తిప్పితే అంత నున్నగా వస్తుంది

ఎక్కువమంది దెబ్బతినేది ఇక్కడే. మొదటిసారి నేనూ ఇక్కడే దెబ్బతిన్నాను. మనకి కోవా అలవాటు. బర్రె పాలు పొయ్యి మీద పెట్టి అడుగంటకుండా తిప్పుతూనే ఉంటాం, దింపాక కూడా చెయ్యి ఆగదు. అదే చెయ్యితో ఫడ్జ్ పాకాన్ని దింపిన వెంటనే ఫ్యాన్ కింద పెట్టి గబగబా తిప్పాను. అయిదు నిమిషాల్లో గట్టిపడింది, ఎంత తొందరగా అయిందో అని మురిసిపోయాను. ముక్క నోట్లో పెట్టుకుంటే పళ్ల కింద పంచదార కరకరమంది.

సంగతేంటంటే, ఆ పాకంలో ఉన్న పంచదార అంతా వేడికి కరిగి ఉంటుంది. చల్లారేకొద్దీ మళ్లీ పలుకు కట్టాలని చూస్తుంది. బాగా వేడి మీదున్నప్పుడు గరిటె తగిలితే కొద్ది పలుకులే పుట్టి అవే పెద్దవవుతాయి. గోరువెచ్చగా అయ్యేదాకా ముట్టుకోకుండా ఉంచి అప్పుడు తిప్పితే లెక్కలేనన్ని పలుకులు ఒకేసారి పుడతాయి, ఏదీ పెరగలేదు. నాలుకకి తెలియనంత సన్నగా ఉండిపోతాయి. నున్నదనం అక్కడి నుంచి వస్తుంది.

నేను చేసే పద్ధతి చెబుతాను. అరకిలో పంచదార, 45 గ్రాముల కోకో పొడి, చిటికెడు ఉప్పు, 300 మిల్లీలీటర్ల చిక్కటి పాలు మందపాటి గిన్నెలో కలిపి, మరుగు వచ్చేదాకా తిప్పుతాను. మరుగు రాగానే గరిటె తీసేస్తాను. సన్నటి సెగ మీదే ఉంచాలి, లేకపోతే అడుగంటుతుంది. గిన్నె అంచులకి అంటిన పంచదారని తడి బ్రష్‌తో కిందికి తుడుస్తాను, ఆ ఒక్క పలుకు జారి పడినా మిగతాదంతా దాని చుట్టూ పలుకు కడుతుంది. పాకం రాగానే దింపి, 50 గ్రాముల వెన్న, కొంచెం వెనిలా ఎసెన్స్ పైన వేసి వదిలేస్తాను. కలపను.

చల్లారడానికి గంటకి పైనే పడుతుంది. గిన్నె అడుగున అరచెయ్యి ఆనిస్తే హాయిగా వెచ్చగా అనిపించాలి, చురుక్కుమనకూడదు. లెక్క కావాలంటే 45 డిగ్రీల దగ్గర. అప్పుడు చెక్క గరిటె తీసుకుని తిప్పడం మొదలుపెట్టండి. మొదట బంక లాగా సాగుతుంది, అద్దంలా మెరుస్తుంది. పది నిమిషాలు దాటేసరికి గరిటె బరువెక్కుతుంది, రంగు ఒక పిసరు తేలికవుతుంది. గరిటెతో గీసిన గీత వెంటనే పూడుకోకుండా కాసేపు నిలబడుతుంది. మెరుపు ఇలా పోతోందనగానే వెన్న రాసిన ట్రేలోకి ఒంచేయాలి. అక్కడ పావు నిమిషం ఆలస్యమైనా గిన్నెలోనే బిగుసుకుంటుంది. బిగుసుకుంటే కంగారు వద్దు, ఒక చెంచా వేడి పాలు చిలకరించి చపాతీ పిండిలా మర్దన చేసి ట్రేలో అదిమేయండి. గిన్నెకి అంటుకున్నది మాత్రం గోకి ట్రేలో వేయొద్దు. అది పిల్లలకి.

అపోహ: రవ్వగా అయితే పారేయాల్సిందే

పారేయొద్దు. ముక్కలన్నీ తిరిగి గిన్నెలో వేసి, ఒక కప్పు నీళ్లు పోసి, సన్నటి సెగ మీద పలుకు పూర్తిగా కరిగేదాకా కలిపి, మళ్లీ ఉండపాకం పట్టండి. ఈసారి చల్లారనిచ్చి తిప్పండి. పంచదార ఎక్కువైందని వచ్చేసారి తగ్గించడం వల్ల ఉపయోగం లేదు, తప్పు కొలతది కాదు. భయం ఉన్నవాళ్లు పాకంలో ఒక పెద్ద చెంచా లిక్విడ్ గ్లూకోజ్ కలుపుకోవచ్చు. గులాబ్ జామున్ పాకంలో నిమ్మరసం పిండేది పలుకు కట్టకుండా ఉండటానికే కదా, ఇదీ అంతే. ఇందులో పాలు ఉంటాయి కాబట్టి నిమ్మరసం జోలికి పోకండి.

గట్టిపడనిది కూడా ఇలాగే మళ్లీ కాచుకోవాలి. ఫ్రిజ్‌లో పెడితే గట్టిపడినట్టు కనిపిస్తుంది, బయట పెట్టగానే పాత కథే.

అపోహ: కండెన్స్‌డ్ మిల్క్‌తో చేసేది అసలు ఫడ్జే కాదు

పిల్లలతో కలిసి చేయడానికి అదే మంచిది. పాకం గొడవ లేదు, కండెన్స్‌డ్ మిల్క్‌లో కరిగించిన చాక్లెట్ చల్లారి గట్టిపడటమే. చాక్లెట్ కొనేటప్పుడు అట్ట వెనక ఒక్కసారి చదవండి. చాలా స్లాబులు కాంపౌండ్ రకం, వాటిలో కోకో బటర్ బదులు వేరే వనస్పతి కొవ్వు ఉంటుంది. ధర తక్కువ, తిన్నాక అంగిలికి జిడ్డు పట్టినట్టుంటుంది. బహుమతిగా ఇచ్చేదానికి నేను అది వాడను.

అపోహ: బెల్లంతో చేస్తే ఆరోగ్యం

బెల్లమూ తీపే, షుగర్ ఉన్నవాళ్లకి తేడా ఏమీ ఉండదు. పైగా వేడి పాలలో బెల్లం వేస్తే విరిగే ప్రమాదం ఉంది, పరమాన్నం దింపాక కానీ మనం బెల్లం కలపం. బెల్లం రుచి కావాలంటే నువ్వుల ఉండలు, పల్లీపట్టీ చేసి డబ్బాలో పక్కన పెట్టండి, ఎంతో బాగుంటుంది. ఫడ్జ్‌ని చిన్న ముక్కలుగా కోయండి, అంతకంటే వేరే ఆరోగ్యం దారి లేదు.

అపోహ: ఫ్రిజ్‌లో పెడితేనే నిలవ ఉంటుంది

పాకంతో చేసిన ఫడ్జ్ మన డిసెంబర్ చలికి గాలి చొరని డబ్బాలో రెండు వారాలు బయటే బాగుంటుంది. ఫ్రిజ్‌లో పెడితే ముక్క ఎండుతుంది, బయటికి తీయగానే చెమ్మ పట్టి పైన జిగురవుతుంది. బతుకమ్మ, దసరా రోజుల్లో చేసేవాళ్లు ముసురు పట్టిన రోజు మానుకోండి, పంచదార గాలిలో తడిని లాక్కుంటుంది. ఏప్రిల్, మే ఎండల్లో నేను ఆర్డర్లు తీసుకోను.

ట్రేలో రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున కోసి, ఒక్కో ముక్కని బటర్ పేపర్‌లో చుట్టండి. వెచ్చగా ఉండగా డబ్బా మూస్తే లోపల ఆవిరి పట్టి రెండు రోజుల్లో పాడవుతుంది. న్యూస్ పేపర్ వాడొద్దు, ఇంకు తినేదానికి అంటుతుంది, ఆహార భద్రత చూసే ప్రభుత్వ సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ కూడా వద్దనే చెబుతోంది. చేసిన తేదీ రాయండి. కాజు, పల్లీ, నువ్వులు ఏవి వేసినా మూత మీద పెద్ద అక్షరాలతో రాయండి. పల్లీ పడని పిల్లలు ఆ ఇంట్లో ఉన్నారో లేదో మనకి తెలియదు, డబ్బా తెరిచేది మాత్రం ముందు వాళ్లే.